వనవాసపు బిడ్డలు

కాందిశీకుడను మాటను మనము వార్తాపత్రికలలో తఱుచుగా చదువుచుందుము. దానికి మూలము సంస్కృతమునందలి "కాం దిశం" అను రెండు పదములు. ఏ దిక్కునకు పోదునని తల్లడిల్లువాడు కాందిశీకుడు. చిన్ననాడు మా తాతగారు నిఘంటువు ముందుంచుకొని యీ వ్యుత్పత్తి చెప్పినప్పుడు, యుద్ధభూమి విడిచి పరుగెత్తు సైనికుని మాత్రమే మేము తలంచుకొంటిమి. ఇప్పుడాలోచింపగా, ఏ దిక్కని యడుగుటకైనను కొంత వయస్సు రావలయును గదా! చంకలోని బిడ్డ యేమడుగును? తల్లి యెటు పోయిన నటు పోవును. తల్లి దింపినచోట దిగును. దింపిన తల్లి మరల నెత్తుకొనుటకు రాకపోయినచో నచ్చటనే పెరుగును. అట్లు పెరిగిన బిడ్డలను గూర్చి యీ మాసము వ్రాయదలచితిమి.

వారు టిబెట్టుదేశపు బిడ్డలు. ఎక్కడనో హిమాలయముల కావలనున్నవారి గొడవ మనకేల యని సోదరీమణులు పుట త్రిప్పవలదు. కార్తికము వచ్చునప్పటికి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మున్నగు నూళ్లలో ఏదో యొక మైదానము ప్రక్కను వరుసగా దుకాణములు వేసి, స్వెట్టర్లును శాలువలును అమ్ముచుండెడి స్త్రీలను మీరందఱు చూచియే యుందురు. వారిలో పెద్దవాండ్రు కొందఱు నడుమునకు ముందువైపున రంగురంగుల చారల వస్త్ర మొకటి కట్టుకొందురు. మన మెట్టెలవలె అది పెండ్లియైనదానికి గుఱుతు. వారితో మనము బేరమాడుదుము. ఇరువది రూపాయలు తగ్గించుకొని సంతసింతుము. సంక్రాంతి దాటగానే వారు పోవుదురు, మనమును మఱతుము. ఆ స్త్రీలలో పెక్కుమంది పుట్టినది మన దేశముననే. కాని వారిని గాని, వారి తల్లులను గాని మన దేశమున పెంచిన విధము మన పెంపకమువంటిది కాదు.

కథ కొంచెము చెప్పవలయును. 1950లో చైనాసైన్యము టిబెట్టు తూర్పుసీమను ప్రవేశించినది. మఱుసటి సంవత్సరము ఒడంబడిక యొకటి జరిగినను, ఎనిమిదేండ్లలో అది చెడినది. 1959 మార్చి 10వ తేదిని లాసానగరమున ప్రజలు తిరుగబడిరి. 17వ తేది రాత్రి దలైలామా మాఱువేషమున నగరము విడిచి, కొండలమీదుగా నడచియు గుఱ్ఱములెక్కియు 31వ తేదికి మన సరిహద్దు చేరిరి. ఆయన వెనుకనే జనము బయలుదేరినది. కొలది సంవత్సరములలో సుమారు 80,000 మంది వచ్చిరి. రాజ్యముల ధర్మాధర్మములను తేల్చుట యీ శీర్షిక పని కాదు. ఆ కనుమలు దాటిన తల్లుల వీపుల మీద నున్న బిడ్డలు మాత్రమే మాకు కావలసినది.

లాసాపట్టణము సముద్రమట్టమునకు 12,000 అడుగుల యెత్తున నున్నది. అట్టి చలిదేశమువారిని మన ప్రభుత్వము మొదట దింపినది అస్సాములో బ్రహ్మపుత్రానదీ ప్రాంతపు మైదానమున, మిస్సామారి యను చోట. అప్పటికప్పుడు వేసిన వెదురుపాకలు. పైన వేసవి, దాని వెనుక వాన. మందపు టున్నిబట్టలు తప్ప వేఱు బట్టల నెఱుగనివా రాయుక్కలో నెట్లుండిరో ఊహింపుడు. వారికి ప్రధానాహారము వేచిన యవల పిండి. మన తొలియేకాదశినాటి పేలపిండివంటిదే. దానిని ఉప్పును వెన్నయు వేసి చిలికిన తేనీటితో కలిపి ముద్దచేసి తిందురు. ఇచట వారికి దొరకినది బియ్యము, పప్పు. అన్నము పెట్టుటలో మనవారు లోపము చేయలేదు గాని, ఆ కడుపులకది పడలేదు. నీరు పడలేదు. విరేచనములు, క్షయ వ్యాపించినవి. చెవులలోని పగడములును మెడలోని నీలిరాళ్లును ఒక్కొక్కటిగా అంగడికి పోయినవి.

చలిప్రదేశమున నైన బ్రతుకుదురని, చేతగలవారిని చంబా, కులూ మొదలైన కొండసీమలకును సిక్కిమునకును రోడ్డుపనికి పంపిరి. మగవారితో సమానముగా ఆడవారును రాళ్లు కొట్టిరి, మన్ను మోసిరి. రోడ్డు ముందునకు పోయినకొలది డేరాలును ముందునకు పోవును. బాలింతను మూడవ నెల దాటువఱకు చన్నీట చేయి పెట్టనీయని యిండ్లు మనవి. అచ్చట చంటిబిడ్డను త్రోవప్రక్కను ఒక బట్టలో పరుండబెట్టి తల్లి సుత్తె చేతబట్టవలసినది. కొండను ప్రేల్చునప్పుడు రాళ్లు దొరలును. ఆ డేరాలలో పసివాండ్రు పెక్కుమంది చనిపోయిరి. మిగిలినవారిని దక్కించుకొనుట కొక్కటే మార్గము తల్లులకు కనబడినది. అది బిడ్డను వేఱొకరి చేతికిచ్చుట.

1960 మే 17వ తేదిని జమ్మూవైపు రోడ్డుపనుల శిబిరములనుండి 51 మంది పిల్లలు కాంగ్రాసీమలోని ధర్మశాలకు చేరిరి. అందఱు చిక్కి శల్యములై యుండిరి. వారిని దింపుకొన్నది దలైలామాగారి అక్క త్సెరింగ్ డోల్మా. నాలుగు దినములకొకసారి మఱికొందఱు వచ్చుచుండిరి. మంచములు చాలక, ఒక్కొక్క మంచము మీద పలువురు పిల్లలను అడ్డముగా పరుండబెట్టిరి. 1964లో ఆమె స్వర్గస్థురాలు కాగా, చెల్లెలు జెట్సున్ పేమా ఆ భారము వహించి 42 ఏండ్లు, అనగా 2006 వఱకు మోసిరి. అదియే నేటి టిబెట్టు బాలగ్రామము.

ఇచట మాకు ద్రౌపది జ్ఞప్తికి వచ్చినది. పాండవులతో ఆమె వనవాసము చేసినదని మనమందఱము ఎఱుగుదుము. ఆమె అయిదుగురు కొడుకులు ఆ పండ్రెండేండ్లు ఎక్కడ నుండిరని యెవరైనను అడుగుదురా? హరికథలలో ఆ మాట రాదు. వారు మొదట మేనమామయొద్దకు పాంచాలమునకు పోయిరి, పిమ్మట ద్వారకకు పోయిరి. అచ్చట సుభద్ర వారిని అభిమన్యునితోపాటు పెంచినది. అరణ్యపర్వమునందు శ్రీకృష్ణుడు అడవికి వచ్చి ద్రౌపదితో, నీ బిడ్డలు సుఖముగా నున్నారు, విలువిద్య నేర్చుకొనుచున్నారు, వారి మనస్సు ద్వారకయందే నిలిచినదని చెప్పును. ఆ మాట విని ద్రౌపదికి సంతోషము కలిగెనా, దుఃఖము కలిగెనా? రెండును కలిగియుండునని మా యూహ. తనవద్ద లేక సుఖముగా నున్న బిడ్డను గూర్చి వినిన తల్లికి ఆ రెండును వేఱు చేయుట సాధ్యము కాదు. రోడ్డుపనిచోటనుండి ఏడాదికొకసారి సెలవు దొరకి ధర్మశాలకు నడచివచ్చిన తల్లిని చూచి బిడ్డ గుఱుతుపట్టక, పెంచిన తల్లి కొంగు వెనుక దాగుకొన్నచో, ఆమె యెవరిని నిందించును?

ఆ పెంచిన తల్లులను గూర్చియు కొంత చెప్పవలయును. వారిని "ఆమా-లా" అందురు. ఆమా యనగా తల్లి. లా యనునది మన "గారు" వంటిది. ఒక్కొక్క యింటికొక్క ఆమా-లా. ఆమె క్రింద పాతిక ముప్పదిమంది, ఒక్కొక్కచో అంతకు మించి పిల్లలు. పాలు మఱువని పసివాడు మొదలు పెండ్లియీడు వచ్చిన పిల్లవఱకు ఒకే కప్పు క్రింద నుందురు. పెద్దపిల్లలు చిన్నవారికి తలదువ్వుదురు, కూరలు తఱుగుదురు, బట్టలుతుకుదురు. ముగ్గురు బిడ్డలతో విసిగి "ప్రాణము తీయుచున్నారు" అని కసరెడి మనము ఆ లెక్కను ఒక్కసారి తలంచుకొనుట మంచిది. ఆ ఆమా-లాలలో పెక్కుమంది తామును కాందిశీకులే. కొందఱు తమ బిడ్డలను దారిలో పోగొట్టుకొన్నవారు.

ముస్సోరీలో ఇట్టి గృహములనే 1962నుండి నడిపిన రించెన్ డోల్మా తారింగ్ అను విదుషి కథ వింతైనది. ఆమె లాసానగరపు గొప్పయింటి బిడ్డ. టిబెట్టు ఆడుపిల్లలలో మొట్టమొదట డార్జిలింగులో ఇంగ్లీషు చదివినది. 1959లో ఆమె తన బిడ్డలను మనుమలను లాసాలో విడిచి ఒంటరిగా బయలుదేరి మన దేశము చేరెను. భర్త వేఱుదారిని వచ్చి యిచట కలిసికొనెను. బిడ్డలు రాలేదు. తన బిడ్డలున్నచోట తానులేని యాతల్లి, తమ తల్లులున్నచోట తాములేని వందలకొలది బిడ్డలను చేరదీసి వారికి అన్నమును అక్షరమును పెట్టినది. 1970లో ఆమె తన జీవితకథను ఇంగ్లీషున ప్రకటించినది. దేవకి యశోదయు ఒక్కతెయే యైన చోటు పురాణములలో లేదు గాని, లోకమున కలదు.

పిల్లలలో కొందఱికి తాము పుట్టిన తేది తెలియదు. వారి దేశాచారమున పుట్టినదినము లెక్క లేదు. క్రొత్తసంవత్సరము వచ్చినప్పుడు అందఱికి ఒక్కయేడు పెరుగును. అది తప్పేమియు కాదు గాని, క్రొత్తదేశపు పాఠశాలలో చేర్చుకొను పుస్తకమునందు తేది లేనిదే గడవదు. కావున పంతులుగారు మొగము చూచి, పండ్లు చూచి, ఒక తేదిని వేసి యిచ్చిరి. ఆ తేదియే పిదప వాని యన్ని కాగితములలోను నిలిచినది. మన పల్లెబడులలోను ఇట్లే జరిగెడిదని మావారు నవ్వుచు చెప్పిరి. నిజమే. కాని మన బిడ్డకు "కృష్ణాపుష్కరముల యేట, వరి కోతలనాడు పుట్టితివి" అని చెప్పుటకొక నాయనమ్మ యుండెడిది.

చదువు విషయమున ఒక పెద్ద నిర్ణయము జరిగినది. ఆ బిడ్డలను మన మామూలు బడులలో నక్కడక్కడ చేర్చి కలిపివేయవచ్చునా, లేక వారికి వేఱు బడులు పెట్టవలెనా? నెహ్రూగారు వేఱు బడులే కావలెననిరి. 1960 మార్చిలో ముస్సోరీలో 50 మందితో మొదటిబడి తెఱువబడినది. 1961లో మన విద్యాశాఖ క్రింద టిబెట్టు పాఠశాలలకని యొక సంఘమే యేర్పడినది. ఇంగ్లీషు, లెక్కలు, శాస్త్రములతోపాటు వారి భాషయు, వారి చరిత్రయు, వారి పాటలును నేర్పునట్లు ఏర్పాటు. టిబెట్టు అక్షరములను ఏడవ శతాబ్దమున మన దేశపు లిపిని చూచియే కూర్చిరందురు. వారి బిడ్డయు మన బిడ్డవలెనే "క, ఖ, గ, ఙ" అని మొదలుపెట్టును. తరువాత "చ, ఛ, జ, ఞ" అనును. ఘోషమునందలి ఒత్తులు లేవు, అంతే. ఇన్ని వేల క్రోసుల దూరమున ఒకే వరుసలో పలక మీద దిద్దుట వినినప్పుడు మాకు చుట్టఱికము కలిసినట్లయినది.

వేఱు బడులు మంచివా చెడ్డవా యని మా యింట చాల దినములు చర్చ జరిగినది. పిల్లలందఱు కలిసి కూర్చుండి చదువుకొన్నగాని ఐకమత్యము పెరుగదని మావారి మతము. ఉపాధ్యాయులైనవారికది సహజమే. మా మతము వేఱు. దానికి కారణము స్విట్జర్లాండు కథ.

1961 మొదలు 1964 వఱకు, స్విట్జర్లాండులో నొక పారిశ్రామికుని ప్రయత్నమున, సుమారు 160 మంది టిబెట్టు పిల్లలను ఆ దేశపు గృహస్థులు పెంపునకు తీసికొనిరి. దలైలామాయు సమ్మతించిరి. ఈ పిల్లలు పెద్దచదువులు చదివి తమ జాతికి కండ్లగుదురని ఆశ. పెంచినవారిలో మంచివారు కలరు. పాలు, వెన్న, మెత్తని పడక, మంచి బడి, దేనికిని కొఱత లేదు. కాని యింటికొక్కడు, ఊరికొక్కడు. ఆ యింట ఆ బిడ్డ భాషయందు "అమ్మా" యని పిలిచిన పలుకువారు లేరు. ఏడాది తిరుగకుండ భాష పోయినది. ఆ పిల్లలలో పెక్కుమంది అనాథలు కారు. వారి తల్లియో తండ్రియో మన దేశములోనే రాళ్లు కొట్టుచుండిరి. ఏండ్లు గడచి, యువకుడై వచ్చిన కొడుకు తల్లి యెదుట కూర్చుండి, మాటలాడుటకు దుబాసిని పెట్టుకొనవలసివచ్చినది. మిస్సామారిపాకలలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లికిని, ఈమెకును భేదము లేకపోలేదు. బిడ్డ బ్రతికియున్నాడు. ఆ భేదము చాల గొప్పది. అయినను ఆమె పోగొట్టుకొన్నదియు చిన్నది కాదు. ధర్మశాలలో అడ్డముగా పరుండిన పిల్లలకు వెన్నలేదు. రాత్రి మేలుకొని యేడ్చినచో, ప్రక్కవాడు అదే భాషలో "ఊరుకో" అనెడివాడు. ఇది విన్నపిమ్మట మావారు వాదము మానిరి. మతము మార్చుకొనిరో లేదో చెప్పలేము.

పెద్దవారికి నేల కావలెను గదా. మైసూరు ప్రభుత్వమువారు కుశాలనగరము చెంత బైలకుప్పలో సుమారు 3000 ఎకరముల అడవినేల చూపిరి. 1960 డిసెంబరు మొదలు అచ్చటికి జనము చేరిరి. ముందు డేరాలు, పిదప వెదురుగుడిసెలు. అడవి కొట్టిరి, మోళ్లు పెఱికిరి, కాల్చిరి. రాత్రులయందు ఏనుగులు వచ్చి పంటను త్రొక్కెడివి. యవలు పండని నేలలో మొక్కజొన్న వేయ నేర్చిరి. అటుపిమ్మట ముండుగోడు, కొళ్లెగాల, హుణసూరు ప్రాంతములలోను ఇట్టివే పల్లెలు వెలసినవి. 1963లో మన పర్లాకిమిడికి ఎగువనున్న కొండలలో చంద్రగిరియందును ఒకటి వెలసినది. శ్రీకాకుళమువైపు సోదరీమణు లెవరైనను ఆ కొండలకు పోయినచో, మొక్కజొన్న చేల నడుమ బంగారుకప్పుల బౌద్ధాలయమును చూడవచ్చును.

కాని మొక్కజొన్న మీద సంసారము గడచుట కష్టము. వాన నమ్ముకొన్న సేద్యము వారిది. అందుచే పంట చేతికి వచ్చిన పిమ్మట లూధియానాకు పోయి, స్వెట్టర్లను అప్పుగా తెచ్చి, దేశమంతట నమ్ముట కలవాటు పడిరి. మన యూరి మైదానమున రెండు మూడు మాసములుండుట అందులకే. అమ్మగా వచ్చినదానితో అప్పు తీర్చి, మిగిలినదానితో ఏడాది గడుపుకొనవలెను. చలి తక్కువైన యేడు అప్పు మిగులును. ఇందులో ఒక సంగతిని చదువరులు గమనింపవలెను. తల్లి రాళ్లు కొట్టుటకై బిడ్డను విడిచినది. ఆ బిడ్డయే పెరిగి పెండ్లాడి, స్వెట్టర్లు అమ్ముటకై తన బిడ్డను అవ్వయొద్దనో వసతిబడిలోనో విడుచుచున్నది. కొండబడులకు సెలవులు చలికాలముననే యగుటచేత, కొందఱు పిల్లలు ఆ సెలవులను దుకాణపు వెనుక మూటల మీదనే గడుపుదురు. ఈసారి బేరమాడునప్పుడు మూటలవైపు చూడుడు. పుస్తకము పట్టుకొన్న పిల్ల కనబడవచ్చును.

క్రిందటి శీతకాలమున మా పొరుగింటి పిన్నిగారు బేరమాడుచు, నలువదేండ్లున్న యొక టిబెట్టు స్త్రీని అడిగిరి.

"మీదేయూరమ్మా?"

"బైలకుప్ప, అమ్మా. మైసూరు దగ్గఱ." తెలుగు వచ్చీరానిదైనను చక్కగా పలికినది. పది చలికాలములుగా నీ జిల్లాకు వచ్చుచున్నదట.

"అది సరే. మీ సొంతయూరు?"

"అది నేను చూడలేదమ్మా. మా అమ్మ చెప్పెడిది."

"మఱి యెప్పుడు పోదురు మీ దేశమునకు?"

ఆమె చేతిలోని స్వెట్టరు మడతపెట్టుచు, "పాపకు ఏ సైజు కావలెను?" అని యడిగినది.

పిన్నిగారి మాటలో దురుద్దేశమేమియు లేదు. ఆవిడ పరమసాధువు. కాని ఆ ప్రశ్నను ఆ స్త్రీ పుట్టినది మొదలు వినుచునే యున్నది. మొదటి సంవత్సరములలో వారి పెద్దలే, రేపో మాపో తిరిగిపోవుదుమని, గట్టియిండ్లు కట్టుకొనుటకు మనసు పడలేదు. బిడ్డలకు పాఠముతోపాటు "మన దేశమునకు పోవుదుము" అను మాటను చెప్పి పెంచిరి. పాండవులకు గడువు కలదు. పండ్రెండేండ్లరణ్యవాసము, ఒక్కయేడజ్ఞాతవాసము, పదునాలుగవయేట శమీవృక్షము మీదినుండి ఆయుధములు దింపుకొనవచ్చును. లెక్క పెట్టుకొనుటకొక సంఖ్య యున్న కష్టమును మనుష్యుడు దాటగలడు. వీరికి ఆ సంఖ్య యెవరును చెప్పలేదు. 1959లో వచ్చినవారికి మునిమనుమలు పుట్టిరి. వేళ్లు పాతుకొనవలెను, పాతుకొనరాదు, ఈ రెండు ఆజ్ఞలను ఒక్కసారి పాలించుచు పెరిగిన బిడ్డ "ఎప్పుడు పోదురు" అన్న ప్రశ్నకు సైజు అడుగక మఱేమి చేయును?

కాగితముల సంగతియు నిట్లే యున్నది. కాందిశీకులను గూర్చి 1951లో పెక్కు దేశములు చేసికొన్న ఒడంబడికలో మన దేశము చేరలేదు. అందుచే టిబెట్టువారు మన చట్టమున విదేశీయులుగానే లెక్క. ఒక్కొక్కరికి నమోదు పత్రము కలదు. దానిని గడువు దీరినప్పుడెల్ల పోలీసు కచ్చేరిలో క్రొత్త చేయించుకొనవలెను. అయితే 1950 జనవరి 26కును 1987 జూలై 1వ తేదికిని నడుమ మన దేశమున పుట్టినవారెవరైనను పుట్టుకచేతనే పౌరులని మన చట్టము చెప్పుచున్నది. 1986లో నిచట పుట్టిన యొక టిబెట్టు యువతి పాస్‌పోర్టు కొఱకు ఢిల్లీ హైకోర్టుకెక్కగా, 2010లో ఆమె భారతపౌరురాలేయని తీర్పైనది. తీర్పు వచ్చినంతమాత్రమున తగవు తీరలేదు. అది వారి యిండ్లలోనికి ప్రవేశించినది. పౌరత్వము పుచ్చుకొన్నచో మన దేశమును మఱచినట్లేయని వృద్ధులు కొందఱందురు. కాగితము లేక ఉద్యోగమెట్లు, పొలము కొనుటెట్లు, విదేశమున చదువెట్లని చిన్నవారందురు. ఒక యింట అన్న పౌరుడు, 1987 తరువాత పుట్టిన చెల్లెలు విదేశీయురాలు. ఇద్దఱును ఒక్క తల్లి కడుపున, ఒక్క యూరిలో పుట్టినవారే. వృద్ధుల మాటలోని బాధను మేమెఱుగుదుము. అయినను మా పక్షము చిన్నవారిదే. తాతగారి వ్రతమును మనుమరాలు జీవితకాలము పస్తుండి తీర్చవలెననుట న్యాయము కాదు.

మన సీమకును వారికిని ఇంకొక చుట్టఱికము కలదు. దానిని వారి బిడ్డలెఱుగుదురు, మన బిడ్డలెఱుగరు. లాసాచెంతనుండిన మహావిహారమునకు ద్రెపుంగ్ అని పేరు. అనగా ధాన్యపురాశి. ఆ పేరు మన కృష్ణాతీరపు ధాన్యకటకమును, అనగా అమరావతిని, స్మరించి పెట్టినది. కాలచక్రమను తంత్రమును బుద్ధుడు అచ్చటనే బోధించెనని వారి విశ్వాసము. ఆ విహారపు భిక్షువులును కాందిశీకులై వచ్చి ముండుగోడులో అదే పేరుతో మరల కట్టుకొనిరి. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్రదీక్ష యిచ్చినప్పుడు టిబెట్టువారు వేలకొలది వచ్చిరి. మన గుంటూరుసీమవారు వారిని క్రొత్తవారని చూచిరి. వారు మాత్రము చిన్ననాట పాఠమున విన్న యూరికి వచ్చిరి.

1959 తరువాత రాకపోకలు నిలిచినవని యనుకొనరాదు. 1980 తరువాత పెక్కేండ్లు టిబెట్టులోని తల్లిదండ్రులే, తమ భాషయు మతమును నేర్చుకొనుటకై, ఏడెనిమిదేండ్ల పిల్లలను దారిచూపువారి కప్పగించి మంచుకనుమల మీదుగా నేపాళమునకు, అచ్చటినుండి ధర్మశాలకు పంపిరి. కొందఱు తామే తోడువచ్చి, బిడ్డను బాలగ్రామమున విడిచి, తిరిగిపోయిరి. మంచుచేత కాలివ్రేళ్లు పోగొట్టుకొన్న పిల్లలు వచ్చిరి. 2006 సెప్టెంబరు 30న నాంగ్‌పాలా యను కనుమలో సరిహద్దు సైనికుల తుపాకిదెబ్బకు పదునేడేండ్ల భిక్షుణి యొకతె మరణించినది. 2008 తరువాత కాపలా బిగిసి, వచ్చువారు అతిస్వల్పులైరి. అట్లు వచ్చిన బిడ్డ నేడు ముప్పదేండ్లదై యుండవచ్చును. తల్లి లాసావైపున, బిడ్డ మన దేశమున. సెల్‌ఫోనున్నను, తల్లికి ముప్పు వచ్చునని పిలువ వెఱచును. మనము చెన్నపట్టణమున చదువుచున్న పిల్లవాడు రెండు దినములు మాటలాడకపోయినచో నిద్రపోము.

ఇప్పుడు ఆ పల్లెలలో మఱియొక ప్రయాణము నడుచుచున్నది. 1990లో అమెరికా చట్టము చేసి 1000 మంది టిబెట్టువారిని రానిచ్చినది. వారి వెనుక తమ్ములు, చెల్లెండ్రు, ఇరుగుపొరుగువారు బయలుదేరిరి. న్యూయార్కునకు, కెనడాదేశపు టొరాంటోకు, స్విట్జర్లాండునకు పోవుచున్నారు. బైలకుప్పలో గట్టియిండ్లు లేచినవి. వానిలో కొన్నింటికి తాళములున్నవి, కొన్నింటిలో వృద్ధులు మాత్రమే యున్నారు. ధర్మశాల బడులలో పిల్లల సంఖ్య తగ్గినది. ఒకప్పుడు మంచములు చాలనిచోట ఇప్పుడు మంచములు మిగిలినవి. విదేశమున కాగితములు కుదురువఱకు తల్లి యొక్కతెయే ముందుగా పోవును. అది రెండేండ్లు కావచ్చును, ఆఱేండ్లు కావచ్చును. అంతవఱకు బిడ్డ అవ్వయొద్దనే పెరుగును. రాళ్లు కొట్టిన యవ్వ, స్వెట్టర్లమ్మిన తల్లి, మంచుదేశమున వృద్ధులకు సేవచేయు ఉద్యోగమున కూతురు. మూడు తరములుగా బిడ్డను వేఱొకరి చేతిలో పెట్టుటయే వారికి సంసారమైనది.

ఆ బిడ్డను కూడ తల్లి రప్పించుకొన్న పిమ్మట అవ్వ పని మారును. పగలు మొక్కజొన్న ఒలిచి, రాత్రి వంట ముగించి, మనుమనికి బడివేళ కాకమునుపు ఫోనులో పిలుచును. తెరమీద బొద్దుగా కనబడు మనుమడు ఇంగ్లీషున నేదో చెప్పును. అది ఆమెకు తెలియదు. ఆమె వ్రేలు చూపి, ముందు "క" అనుమనును. అతడు విసుగుకొనుచునే "క, ఖ, గ, ఙ" అని మొదలుపెట్టును.